ఇంటి స్టీరియోలో ఎఫ్‌ఎం స్పష్టంగా వినిపించాలంటే

హైదరాబాదులో ఎఫ్‌ఎం స్టేషన్లకు కొదవ లేదు, రెయిన్‌బో 101.9 మీద, వివిధభారతి 102.8 మెగాహెర్ట్జ్ మీద వస్తాయి. అయినా స్టీరియోలో పాటకన్నా బుసబుసే ఎక్కువగా వినిపిస్తోందంటే, లోపం చాలాసార్లు సెట్టులో కాక, దాని వెనుక చుట్టచుట్టి పడేసిన యాంటెన్నా తీగలో ఉంటుంది.

ఎఫ్‌ఎం తరంగం పొడవు సుమారు 3 మీటర్లు కనుక, అందులో సగం, అంటే మధ్య నుంచి రెండు పక్కలకూ చాచే చేతులు చెరో 75 సెంటీమీటర్లు ఉండే డైపోల్ యాంటెన్నా తీగ ఆ తరంగాన్ని బాగా పట్టుకుంటుంది. దానిని పూర్తిగా చాచి, ఇనుప చువ్వలున్న కాంక్రీటు గోడలకు దూరంగా, కిటికీ దగ్గర ఎత్తులో టేపుతో అంటించి, అడ్డంగానూ నిలువుగానూ మార్చి చూడాలి. మా ఫ్లాటులో ఇనుప బీరువా వెనుక నలిగిన తీగను బాల్కనీ తలుపు పక్కకు జరిపితే, గరగరలాడిన స్టేషను ఆ క్షణమే తేటపడింది. పైసా ఖర్చు కాలేదు.

చవకరకం ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు కూడా రొద పుట్టిస్తాయి కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా ఆపి పరీక్షించాలి. స్టేషను బలహీనంగా ఉంటే మోనోకు (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చే పద్ధతికి) మార్చండి, బుస బాగా తగ్గుతుంది. డాబా మీద యాంటెన్నా పెట్టగలిగినవారు 75 ఓమ్‌ల టీవీ కేబులు వాడాలి; సెట్టుకు 300 ఓమ్‌ల స్క్రూలు మాత్రమే ఉంటే మధ్యలో బాలన్ (ఆ రెండింటినీ పొసగించే చిన్న జోడింపు ముక్క) తగిలించాలి. పిడుగుల వానలో మాత్రం ఆ కేబులును ముట్టుకోకూడదు. మబ్బు పట్టకముందే ఊడదీసి ఉంచాలి.