ఇంజన్ ఆగి ఒడ్డెక్కిన ఓడ: దర్యాప్తు ఎక్కడ మొదలుపెట్టాలి

ఓడ మీద కాలు పెట్టగానే ఎవరో ఒకరు మిమ్మల్ని నేరుగా ఇంజన్ రూములోకి తీసుకెళ్లబోతారు. నేనైతే ముందు బ్రిడ్జి, అంటే ఓడను నడిపే గది ఎక్కుతాను. వీడీఆర్, అంటే విమానాల్లో బ్లాక్ బాక్స్ లాంటి ప్రయాణ రికార్డరు, సేవ్ చేశారా లేదా అన్నదే నా మొదటి ప్రశ్న. 2014 జులై 1 నుంచి బిగించిన వాటిలో 30 రోజుల రికార్డు ఉంటుంది. అంతకుముందువైతే 12 గంటలు దాటాక పాతదాని మీదే కొత్తది రాసేస్తాయి. ఓడ నేలకు తగిలిన కంగారులో ఆ సేవ్ బటన్ ఎవరికి గుర్తుంటుంది?

తర్వాత గడియారాలు. బ్రిడ్జిది, ఇంజన్ కంట్రోల్ రూముది, అలారం ప్రింటర్‌ది, వీడీఆర్‌ది అన్నీ జీపీఎస్ టైముతో పోల్చి తేడాలు రాసుకోండి, ఫొటోలు తీయండి. ప్రింటర్ రెండు నిమిషాలు వెనకబడి ఉంటే చాలు, కెప్టెన్ ఆపమంటే ఇంజన్ ఆగిందా, దానంతటదే ఆగిందా అన్నది తలకిందులైపోతుంది.

ఇక రెండు ప్రశ్నల్ని విడదీయండి. ఇంజన్ ఎందుకు ఆగింది? ఆగినప్పటి నుంచి నేల తగిలేదాకా ఉన్న సమయంలో ఓడను ఎందుకు నిలపలేకపోయారు? చాలా రిపోర్టులు మొదటిదాని మీదే పేజీలు నింపేస్తాయి.

అలారం లాగ్‌లో బ్లాకవుట్ (ఓడంతా కరెంటు పోయిన) క్షణం దగ్గరే ఆగిపోకండి. అక్కడ అలారాలు వరదలా వస్తాయి, వాటిలో చాలావరకు పర్యవసానాలే. కొన్ని గంటలు వెనక్కి వెళ్లి, ఎవరో బటన్ నొక్కి నోరు మూయించిన అలారం కోసం వెతకండి. 2019 మార్చి 23న నార్వే తీరంలో వైకింగ్ స్కై అనే క్రూయిజ్ ఓడ తుపాను మధ్యలో కరెంటు కోల్పోయి, త్రుటిలో ఒడ్డెక్కకుండా బయటపడింది. జనరేటర్ ఇంజన్ల కందెన నూనె నిలిచే అడుగు తొట్లలో (లూబ్ ఆయిల్ సంపుల్లో) నూనె ఉండాల్సినంత లేదు. ఓడ ఊగినప్పుడల్లా పంపుకు నూనె అందలేదు, జనరేటర్లు వాటంతటవే ఆగిపోయాయి. అందుకే సంపు కొలతల పాత లెక్కలన్నీ తీసుకోండి, ఆ ఒక్కరోజువి సరిపోవు.

ఇంధనం ఫిల్టర్లు మీ ఎదుటే విప్పించండి, తుడవనివ్వకండి. డీజిల్ అయితే ఫిల్టర్ అడుగున ఉన్నది గాజు సీసాలోకి వదిలి కాసేపు కదల్చకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరుగా గీత కనబడుతుంది. ఆ నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే పాలలా చిక్కగా తెల్లబడితే, అది సముద్రపు నీరేనని గట్టిగా అనుమానించాలి. సీలు వేసిన శాంపిల్ మాత్రం ల్యాబ్‌కు పంపాల్సిందే.

ఉప్పునీరైతే డెక్ మీదికి వెళ్లండి. 1993 జనవరి 5న స్కాట్లాండ్ షెట్లాండ్ దీవుల దగ్గర రాళ్లకెక్కిన బ్రేయర్ ట్యాంకర్ కథ అదే. డెక్ మీద కట్టిన ఇనుప పైపులు తుపానులో ఊడి దొర్లి, డీజిల్ ట్యాంకుల గాలి గొట్టాలను విరగ్గొట్టాయి. అక్కడి నుంచే సముద్రం ఇంధనంలోకి దిగింది. గాలి గొట్టాల మూతలు, వెల్డింగులు, సరుకు కట్టిన గొలుసులు ఒక్కొక్కటీ చూడండి.

రెండో ప్రశ్నకు: ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలోపు లోడు తీసుకుందా? ఇంజన్‌ను స్టార్ట్ చేసే ఒత్తిడి గాలి (స్టార్టింగ్ ఎయిర్) ఎన్ని ప్రయత్నాలకు అయిపోయింది? లంగర్ల కట్లు విప్పి ఉన్నాయా, లంగరు గొలుసును ఆపే బ్రేకు లైనింగు ఎంత మందం మిగిలింది? ఓడను లాగే పడవ టగ్గును ఎప్పుడు పిలిచారు, అంతకుముందు కంపెనీతో ఫోనులో ఎంతసేపు గడిచింది? ఈ చివరిదానికి జవాబు ఎప్పుడూ కాస్త నెమ్మదిగా వస్తుంది.

మనుషులతో విడివిడిగా, వాళ్లు నిద్రపోయి లేచాక మాట్లాడండి. చీఫ్ ఇంజనీరు కంటే ముందు ఆ సమయంలో డ్యూటీ (వాచ్) మీద ఉన్న ఇంజన్ రూము పనివాడు మోటార్‌మన్‌ని పిలుస్తాను నేను. ‘ఎందుకలా చేశావు’ అంటే బిగుసుకుపోతాడు. ‘అప్పుడు ఎక్కడ నిలబడ్డావు, ఏం వినబడింది’ అంటే చెబుతాడు. 2010 జనవరి 1న అమల్లోకొచ్చిన ఐఎంఓ (అంతర్జాతీయ నౌకా సంస్థ) దర్యాప్తు కోడ్ కూడా తప్పు ఎవరిదో తేల్చడం మన పని కాదంటుంది. అది ముందే అతనికి చెప్పండి.

ఇవన్నీ చేస్తుండగానే పైన ఓడను లాగే ఏర్పాట్లు మొదలవుతాయి. బ్యాలస్ట్ (ఓడ నిలకడ కోసం ట్యాంకుల్లో నింపిన నీరు) కదిపితే, ఇంధనం దించితే ట్యాంకుల లెక్క మళ్లీ దొరకదు. సౌండింగులు (ట్యాంకుల్లో ద్రవం లోతు), డ్రాఫ్టు గుర్తులు (ఓడ ఎంత మునిగి ఉందో చూపేవి), చుట్టూ నీటి లోతు టగ్గు తాడు బిగించకముందే కొలిపించుకోండి.