ఊరంతా ఒక్క మాట మీదకు రావాలంటే ఎలా?

మంచి ప్రపంచం కావాలా అని అడిగితే వద్దనేవాళ్ళు ఉండరు. ఆ మాట మీద వెయ్యి మందితో చప్పట్లు కొట్టించడం ఏమంత కష్టం కాదు. అదే వెయ్యి మందిని "చెరువులోకి మురుగు వదలకూడదు" అన్న చిన్న మాట మీద నిలబెట్టండి, అప్పుడు తెలుస్తుంది సంగతి. ఊళ్ళల్లో, కాలనీల్లో జనాన్ని కూర్చోబెట్టి మాట కుదిర్చే పని చాలాకాలంగా చేస్తున్నాను. ఎక్కడ చూసినా ఒకటే తంతు: జనాన్ని పోగెయ్యడానికి నెల రోజులు, మాట కుదర్చడానికి పావుగంట. ఆ లెక్క తిరగబడితే తప్ప పని జరగదు.

పెద్ద ఆశయాలు వద్దని నేననను. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలోని 193 దేశాలు కూర్చుని 2030 నాటికి సాధించాలని 17 లక్ష్యాలకు ఒప్పుకున్నాయి. పేదరికం పోవాలి, ఆకలి పోవాలి, అందరికీ మంచినీళ్ళు అందాలి, ఇలా. మన కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఆ 17 లక్ష్యాలనూ పల్లెలకు తగ్గట్టు 9 అంశాలుగా కుదించింది. ప్రతి పంచాయతీ వాటిలో కొన్నింటి మీద సంకల్పం చెప్పుకుని, ఏటా అభివృద్ధి ప్రణాళిక రాసుకోవాలి. చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, నిరుటి ప్రణాళికలో తేదీలు మార్చి సంతకాలు పెట్టించడం. ప్రపంచం అంతటినీ ఒక్కటి చేసే మాట అలా చివరికి ఒక రిజిస్టరులో అణిగిపోతుంది. అలా కాకూడదంటే ఏం చేయాలో వరుసగా చెబుతాను.

సామాన్లు

చార్టు కాగితాలు, లావుపాటి స్కెచ్ పెన్ను, నాలుగు జంపఖానాలు, మంచినీళ్ళ క్యాను, ఒక నోట్‌బుక్. ఇంకేమీ అక్కర్లేదు.

మైకు వద్దు. మైకు చేతికొస్తే మనవాళ్ళు మాట్లాడరు, ఉపన్యాసం ఇస్తారు. ఫ్లెక్సీ అసలే వద్దు. ఎవరి ఫొటో పెద్దది, ఎవరిది చిన్నది అన్న గొడవతోనే సగం రోజు పోతుంది. కుర్చీలు కూడా వద్దు. ఎవరు కూర్చోవాలో, ఎవరు వెనక నిలబడాలో ఊరికి ముందే తెలుసు, కుర్చీ వేస్తే ఆ పాత వరసే మళ్ళీ తయారవుతుంది. ముసలివాళ్ళకు ఒక బెంచీ వేయండి, అదీ మోకాళ్ళు చూసి, కులం చూసి కాదు. టీ చివర్లోనే ఇవ్వండి. ముందిస్తే తాగి వెళ్ళిపోతారు.

చోటు, వేళ

బడి ఆవరణ మంచిది. గుడి, చర్చి, మసీదు, సర్పంచి గారి ఇల్లు, పార్టీ ఆఫీసు, వీటిలో ఏదీ పనికిరాదు. రచ్చబండ చాలామందికి ఇష్టమే, నాకు మాత్రం కాదు. చాలా ఊళ్ళల్లో ఆడవాళ్ళు దాని పక్కనుంచి తల దించుకుని నడిచిపోతారే గాని, ఎక్కి కూర్చోరు. నాట్లప్పుడు, కోతలప్పుడు పెట్టకండి. వేళ ఎంతకన్నది డ్వాక్రా సంఘం వాళ్ళను అడిగి పెట్టండి, కార్యదర్శిని అడిగి కాదు.

ముందు ఇంటింటికీ

సమావేశానికి ముందు ఇళ్ళకు వెళ్ళాలి. చివరి వీధి నుంచి, దళితవాడ నుంచి మొదలుపెట్టండి. పెద్దిళ్ళ నుంచి మొదలుపెడితే మిగతా ఊరు మీకు పెద్దిళ్ళ మాటే అప్పజెబుతుంది.

"మీకేం కావాలి?" అని అడగకండి. మిమ్మల్ని ఆఫీసరు అనుకుని పింఛను, రేషన్ కార్డు, ఇంటి స్థలం అంటూ కాగితాలు తీసుకొస్తారు. "పదేళ్ళ తర్వాత కూడా మీ పిల్లలు ఇక్కడే ఉండాలంటే ఈ ఊళ్ళో ఏం మారాలి?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. "వానొస్తే పిల్లలు బడికి పోలేరు" అని ఒక తల్లి అంటే, దాన్ని "రవాణా సౌకర్యాల లేమి" అని మార్చి రాయకండి. మార్చారంటే రేపు చార్టు మీద ఆమె తన మాట తానే గుర్తుపట్టదు.

తిరుగుతున్నప్పుడే ఎవరెవరు అడ్డం చెబుతారో కనిపెట్టి పెట్టుకోండి. వాళ్ళను స్వయంగా వెళ్ళి పిలవండి. అందరికీ చాటింపు సరిపోతుంది, వీళ్ళకు సరిపోదు.

మాట కుదర్చడం

ఇప్పటిదాకా గబగబా చెప్పుకొచ్చాను. ఇక్కడ ఆగాలి. ఎన్ని ఊళ్ళు, ఎన్ని అపార్ట్‌మెంట్లు చెడినా ఇక్కడే చెడతాయి.

ఇళ్ళల్లో ఎక్కువసార్లు వినిపించినదాన్ని ఒకే వాక్యంగా చార్టు మీద రాయండి. ఆ వాక్యంలో ఒక చోటు ఉండాలి, కంటికి కనిపించే పని ఉండాలి. "మన ఊరు పచ్చగా, శుభ్రంగా ఉండాలి" అని రాస్తే ఎవరూ కాదనరు. ఎవరూ కాదనలేదంటే అందులో ఏమీ లేదని అర్థం. "చెరువు గట్టు మీద చెత్త పడకూడదు" అని రాసి చూడండి. నలుగురి ముఖాలు మారతాయి. సరైన వాక్యం దొరికినట్టే.

ఇక అందరూ చేసే తప్పు ఏమిటంటే, "అందరికీ సమ్మతమేనా?" అని అడగడం. ముందు వరస "సమ్మతమే" అని గట్టిగా అంటుంది, వెనక వరస కాళ్ళకేసి చూసుకుంటుంది, కార్యదర్శి ఏకగ్రీవం అని రాసేస్తాడు. అలా అడగకండి. "ఈ మాట నిలబడితే ఇక్కడ ఎవరికి నష్టం?" అని అడిగి, నోరు మూసుకోండి. మనసులో వంద లెక్కపెట్టండి. ఎవరో దగ్గుతారు, ఎవరో ఫోను చూసుకుంటారు, ఒక పెద్దాయన ఆ ఖాళీ నింపడానికి గొంతు సవరించుకుంటాడు. ఆయన్ని చేత్తో ఆపండి. ఆ నిశ్శబ్దాన్ని భరించలేనివాళ్ళు ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

ఈలోగా కొన్ని జవాబులు వస్తాయి, వాటితో జాగ్రత్త. "మీ ఇష్టమండీ" అన్నారంటే ఒప్పుకోలేదని. "పెద్దలెలా అంటే అలా" అన్నారంటే భయపడుతున్నారని. "చూద్దాంలే" అంటే చేయరు. వీటిని అవునుల ఖాతాలో వేసుకుంటే నెల తిరక్కుండా మాట చెదిరిపోతుంది.

చివరికి ఒకరు లేస్తారు. చెత్త విషయమైతే లేచేది ఎక్కువగా చికెన్ సెంటరు నడిపే మనిషి. "అయితే ఈకలు, పేగులు నేనెక్కడ పారెయ్యాలి?" అంటాడు. వెంటనే నలుగురు మీద పడతారు: "ఊరంతా కంపు చేసేది నువ్వే కదా!" సభ నిలబడేదీ కూలేదీ ఆ క్షణంలోనే. మీరు చేయాల్సింది ఒకటే, ఆయన ప్రశ్నను చార్టు మీద వాక్యం కిందే రాయడం. అంతే పెద్ద అక్షరాలతో రాయండి, మూలన చిన్నగా కాదు. తర్వాత దానికి జవాబు దొరికేదాకా ముందుకు కదలకండి. గొయ్యి ఎక్కడ తవ్వాలి? సున్నం ఎవరు చల్లుతారు? పంచాయతీ ట్రాక్టరు వారంలో ఏ రోజుల్లో ఆయన కొట్టు ముందు ఆగాలి? గంట పడుతుంది, పట్టనివ్వండి. చివరికి మాట ఇలా తేలుతుంది: "చెరువు గట్టు మీద చెత్త పడకూడదు. వేయడానికి చోటు పంచాయతీ చూపాలి." ఇప్పుడు దాన్ని కాపాడేవాళ్ళలో చికెన్ సెంటరాయన కూడా ఉంటాడు. ఎందుకంటే రెండో సగం ఆయనది.

ప్రపంచ స్థాయిలో పని చేసిన పద్ధతి కూడా ఇదే. ఓజోన్ పొరను కాపాడాలని 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం రాశారు. భారత్, చైనా అప్పట్లో చేరలేదు. ఫ్రిజ్‌లూ ఏసీలూ ఇన్నేళ్ళు వాడి ఆకాశాన్ని పాడుచేసింది ధనిక దేశాలైతే, కొత్త రసాయనాలకు మారే ఖర్చు మేమెందుకు భరించాలి అన్నది వాళ్ళ ప్రశ్న. చికెన్ సెంటరాయన అడిగిందీ అదే. 1990లో లండన్‌లో ఆ ప్రశ్నకు జవాబుగా ధనిక దేశాల డబ్బుతో ఒక నిధి పెట్టారు. 1991లో చైనా, 1992లో భారత్ చేరాయి. తర్వాత ప్రపంచంలో ఒక్క దేశం కూడా మిగలకుండా అన్నీ ఒప్పుకున్న ఒప్పందంగా అది నిలిచింది. అడ్డం చెప్పినవాళ్ళను స్వార్థపరులని తిట్టి పంపేస్తే ఆ పని జరిగేది కాదు.

జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్న తిరిగొస్తుంది, అది కూడా మన దగ్గరే చూశాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది. ఉద్యమం ఊరూరా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. "మరి ఖజానాకు ఆదాయం ఎక్కడిది?" అన్న ప్రశ్నకు మాత్రం గట్టి జవాబు ఎవరూ రాసిపెట్టలేదు. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించింది ఆ ప్రశ్నే.

దూబగుంట నుంచి ఇంకొకటి కూడా నేర్చుకోవాలి. అక్కడి ఆడవాళ్ళందరికీ కారణం ఒకటి కాదు. ఒకామెకు కూలి డబ్బులు ఇంటికి చేరాలి, ఇంకొకామెకు దెబ్బలు ఆగాలి, వేరొకామె ఇంట్లో మనిషే పోయాడు. కొట్టు ఉండకూడదన్న దాని మీద మాత్రం అందరూ ఒక్కటయ్యారు. కాబట్టి సభలో కారణాల జోలికి పోకండి. ఒకరు లక్ష్మి నిలవాలంటే శుభ్రం ఉండాలంటారు, ఒకరు డెంగీ అంటారు, ఒకరు ఫ్లాటు రేటు పెరుగుతుందంటారు. పెరగనివ్వండి. 1947లో యునెస్కో మానవ హక్కుల మీద రకరకాల దేశాల, మతాల ఆలోచనాపరుల అభిప్రాయాలు అడిగినప్పుడు, ఇంత పడనివాళ్ళు ఒకే జాబితాకు ఎలా ఒప్పుకున్నారని కొందరికి ఆశ్చర్యం వేసింది. ఎందుకు అని మమ్మల్ని అడగనంతవరకు ఒప్పుకుంటాం అన్నది వాళ్ళ జవాబని ఫ్రెంచి తత్వవేత్త జాక్ మారితైన్ చెప్పాడు.

ఎంత చేసినా ఒకరిద్దరు ఒప్పుకోరు. వాళ్ళ కోసం అవును, కాదు అన్నవి కాక మూడో గడి ఒకటి పెట్టండి: "నేను చేయను, కానీ అడ్డుపడను." 1948 డిసెంబరు 10న ప్యారిస్‌లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటన ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా గట్టెక్కింది ఆ గడి ఉండబట్టే. 48 దేశాలు అనుకూలం, 8 దేశాలు తటస్థం, వ్యతిరేకం సున్నా.

ఓటింగు ఎందుకు వద్దంటే

అపార్ట్‌మెంట్ల వాళ్ళు వాట్సాప్‌లో పోల్ పెట్టి పది నిమిషాల్లో తేల్చేస్తారు. బాగానే ఉంటుంది. 60 ఫ్లాట్లు గెలుస్తాయి, 40 ఫ్లాట్లు ఓడతాయి. ఆ 40 ఇళ్ళ చెత్త రాత్రిపూట బయటికొస్తుంది. సర్పంచి పదవిని వేలం వేసి తెచ్చుకునే ఏకగ్రీవం ఇంకా దారుణం. అక్కడ ఊరు ఒక్కటి కాలేదు, డబ్బున్నవాడు అందరి నోళ్ళూ కట్టేశాడు.

జరిమానా పద్ధతి కూడా నాకు నచ్చదు. నిజామాబాద్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు దగ్గరుండి రోడ్లు, బళ్ళు బాగుచేయించిన ఊళ్ళున్నాయి. అలాంటి కమిటీలే మాట వినని కుటుంబాలను వెలివేసి, పోలీసు కేసుల దాకా తెచ్చుకున్న ఊళ్ళూ ఉన్నాయి. భయంతో కుదిరిన మాట, భయపెట్టేవాడు ఊరెళ్ళిన రోజు ఉండదు.

తర్వాత పనులు

ఇక మిగిలింది తేలిక. కుదిరిన మాటను గ్రామసభలో తీర్మానంగా రాయించండి. అపార్ట్‌మెంటైతే అసోసియేషన్ మినిట్స్‌లోకి ఎక్కించండి. బడి గోడ మీద పెయింటుతో రాయించండి, కింద ఎవరి పేరూ వద్దు. దాత పేరు కూడా వద్దు. వారంలోపు ఏదో ఒక పని కంటికి కనిపించాలి, గొయ్యి తవ్వడమైనా సరే.

ఆరు నెలలకోసారి అదే బడి ఆవరణలో మళ్ళీ కూర్చోండి. మొదట మాట్లాడే అవకాశం, మొదటిసారి అడ్డం చెప్పిన మనిషికివ్వండి. ట్రాక్టరు రావడం మానేసిందేమో ఆయనకే ముందు తెలుస్తుంది. రెండో వాక్యం జోలికి ఇప్పుడే వెళ్ళకండి, మొదటిది నిలబడిందని తేలాక చూడొచ్చు.

పక్క ఊరివాళ్ళు వచ్చి చార్టు ఫొటో తీసుకుంటామంటారు. తీసుకోనివ్వకండి. మీ వాక్యం వాళ్ళ చెరువుకు సరిపోదు. జంపఖానాలు ఇచ్చి, చివరి వీధి నుంచి మొదలుపెట్టమని చెప్పి పంపండి.