మెషీన్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ముందు బోర్డు విప్పండి

ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం వాన పడిందంటే బిల్డింగ్ సైట్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. వర్తూరు నుంచి, సర్జాపుర రోడ్డు నుంచి, కె.ఆర్.పురం నుంచి. "అన్నా, వైబ్రేటర్ పట్టుకుంటే జివ్వుమంటాంది" అని ఒకరు, "ఆర్‌సీసీబీ నిలబడడం లేదు, స్లాబు మధ్యలో ఉంది" అని ఇంకొకరు. వైబ్రేటర్ అంటే కాంక్రీటు కుదించే మెషీన్, ఆర్‌సీసీబీ అంటే కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయి (ట్రిప్ అయి) సప్లై ఆపేసే స్విచ్. బోర్డు విప్పి చూశారా అని అడుగుతాను. చూసి ఉండరు. మెషీన్ని మాత్రం అప్పటికే ఆటోలో వేసి రివైండింగ్ షాపుకి పంపి ఉంటారు.

ఫేజు, న్యూట్రల్, ఎర్త్ తేడా తెలిసి, మల్టీమీటర్ పట్టడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. రాకపోతే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఏది విప్పినా మెయిన్ ఆపి, ఎవరూ మళ్లీ వేయకుండా అక్కడ ఒక మనిషిని నిలబెట్టండి. టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదని నమ్మొద్దు. పట్టపగలు ఎండలో ఆ చిన్న నియాన్ దీపం వెలిగినా కనపడదు. మీటరుతో చూడండి. ఎవరైనా షాకు కొట్టి అతుక్కుపోతే ముందు కరెంటు ఆపాలి, తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. 108కి ఫోను చేయించండి. ఊపిరి ఆడకపోతే అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ నొక్కుతూనే ఉండాలి.

ముట్టుకుంటే జివ్వుమంటోంది

పదింట ఎనిమిదిసార్లు కారణం మెషీన్‌లో ఉండదు, ప్లగ్గులో ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్గు, లోపల రెండు కోర్ల వైరు. పెద్ద పిన్ను ఖాళీ. కొన్నిచోట్ల ప్లగ్గే ఉండదు, రెండు తీగలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు చెక్కేస్తారు. ఇక మూడు కోర్ల వైరే ఉన్నా, రోజంతా ఈడ్చి ఈడ్చి ప్లగ్గు మెడ దగ్గర పచ్చ తీగ తెగి ఉంటుంది. పైకి ఏమీ తెలియదు.

ప్లగ్గు తీసేసి, మల్టీమీటర్ బీప్‌లో పెట్టి, ఒక కొన పెద్ద పిన్నుకి, ఇంకో కొన మెషీన్ బాడీకి (పెయింటు గీకిన చోట) ఆనించండి. బీప్ రాకపోతే దొంగ దొరికినట్టే. వస్తే మెయిన్ ఆపి, సాకెట్ పెద్ద రంధ్రం నుంచి డీబీలో (డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) ఎర్త్ బార్ దాకా అలాగే చూడండి. అక్కడా బాగుంటే ఎర్త్ పిట్ (ఎర్త్‌ని భూమిలో కలిపిన గుంత) దగ్గరికి నడవండి. బేస్‌మెంట్ తవ్వేటప్పుడు జేసీబీ ఎర్త్ పట్టీని లాగేసి ఉంటుంది, ఎవరూ గమనించి ఉండరు. పట్టీ ఉంటే, ఎండాకాలం పిట్ ఎండిపోయిందేమో చూసి నీళ్లు పోయండి. ఇవన్నీ బాగున్నాక మెషీన్‌లో తడి, వైండింగ్ లీకేజీ గురించి ఆలోచించవచ్చు.

"చెప్పులేసుకుని పట్టుకో, ఏం కాదు" అనే మేస్త్రి ప్రతి సైటులోనూ ఒకడుంటాడు. తడి కాంక్రీటులో ఆ చెప్పులు ఎందుకూ పనికిరావు.

ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతూనే ఉంది

ప్లగ్గులన్నీ తీసేసినా నిలబడకపోతే వైరింగులోనే లీకేజీ ఉంది. వానలో నానిన టేపు జాయింట్లు ముందు చూడండి. ఒకే మెషీన్ ఏ బోర్డులో పెట్టినా కొట్టేస్తుంటే తప్పు ఆ మెషీన్‌దే. ఈ రెండూ కాకుండా, ఒక బోర్డులో ఏ మెషీన్ పెట్టినా ట్రిప్ అవుతోంది, అదే మెషీన్ పక్క బోర్డులో హాయిగా తిరుగుతోంది, చెక్క మీద పెడితే నడుస్తోంది, రాడ్ల మీద పెట్టగానే కొట్టేస్తోంది అంటే జాగ్రత్త. అక్కడ ఎవరో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేశారు.

ఇది ఎలా పుడుతుందో చెబుతాను. మూడో అంతస్తుకి రెండు కోర్ల వైరే లాగారు. సేఫ్టీ ఇంజనీర్ మూడు లైట్ల సాకెట్ టెస్టర్ తెచ్చి ఎర్త్ లేదని రాసిపోయాడు. మళ్లీ పైదాకా వైరు లాగే ఓపిక ఎవరికుంది? సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి జానెడు ముక్క లూపు వేశారు. రెండో రోజు టెస్టర్ పెడితే లైట్లన్నీ సరిగ్గా వెలిగాయి. అందరూ సంతకాలు పెట్టారు.

ఈ లూపు మామూలు పరీక్షలన్నీ పాసవుతుంది. ఆ టెస్టర్‌కి న్యూట్రల్ ఏదో ఎర్త్ ఏదో తేడా తెలియదు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెడితే వెలుగుతుంది. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడుతుంది, ఎందుకంటే ఆ బటన్ లోపలి యంత్రాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. దాని తర్వాతి ఎర్త్ ఉందో లేదో దానికి పట్టదు.

ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్లో తిరిగొచ్చిన కరెంటూ సమానమా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చేలోపే పడిపోవాలి. తడిసిన మెషీన్‌లో బాడీకి లీకైన కరెంటు లూపు గుండా న్యూట్రల్లోకే తిరిగొచ్చేస్తే దాని లెక్కలో తేడా ఏమీ లేదు. అసలైన ఎర్త్ ఉంటే మనిషి ముట్టుకోకముందే పడిపోయేది. ఇప్పుడు లీకేజీ ఉందని దానికి తెలియనే తెలియదు. మరి రాడ్ల మీద పెడితే ఎందుకు పడుతోంది? బాడీ ఇప్పుడు న్యూట్రల్‌తో కలిసి ఉంది కాబట్టి, న్యూట్రల్ కరెంటు కొంత రాడ్ల గుండా భూమిలోకి పోతుంది. ఆర్‌సీసీబీ తన పని తాను చేస్తోంది. సైటులో వాళ్లకి మాత్రం అది మెషీన్ తప్పుగా, లేదా "పాడైపోయిన ఆర్‌సీసీబీ"గా కనిపిస్తుంది. అప్పుడు దాన్ని బైపాస్ చేస్తారు.

సర్జాపుర రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్ సైటులో నేను చూసింది ఇదే. వైబ్రేటర్లు రివైండింగ్ చేయించారు, కొత్తది కొన్నారు, చివరికి ఆర్‌సీసీబీకి పక్కదారి వైరు వేశారు. లూపు సాకెట్లో కూడా లేదు, దారిలో ఒక టేపు జాయింటు లోపల ఉంది. వేసినవాడు పని వదిలి ఊరెళ్లిపోయాడు.

బైపాస్ చేశాక అసలు ప్రమాదం మొదలవుతుంది. చుట్టి టేపు వేసిన న్యూట్రల్ జాయింటు ఏదో ఒకరోజు ఊడుతుంది. మెషీన్ ఆగిపోతుంది. కానీ మోటారు గుండా వచ్చిన ఫేజు లూపు మీదుగా బాడీకి చేరి అక్కడ 230 వోల్టులు నిలబడతాయి. మెషీన్ ఎందుకు ఆగిందా అని మనిషి మొదట చేసే పని దాన్ని పట్టుకుని ఊపడం. ఎవరైనా లూపుకి ముందున్న ప్లగ్గు మార్చి ఫేజు, న్యూట్రల్ తారుమారు చేస్తే ఇంకా దారుణం: మెషీన్ చక్కగా తిరుగుతూనే ఉంటుంది, బాడీ మొత్తం కరెంటే.

కనిపెట్టడానికి ఆర్‌సీసీబీ ఆపండి, ప్లగ్గులన్నీ తీయండి. సాకెట్లో కరెంటు లేదని నిర్ధారించుకుని, న్యూట్రల్ రంధ్రానికీ ఎర్త్ రంధ్రానికీ మధ్య బీప్ చూడండి. రాకూడదు. వస్తే ఆర్‌సీసీబీ తర్వాత ఎక్కడో రెండూ కలిశాయి. ఆర్‌సీసీబీ ఆపకుండా చూస్తే లాభం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎలాగూ భూమికి కలిపే ఉంటుంది కాబట్టి మంచి వైరింగులోనూ బీప్ రావచ్చు. ఈ ఒక్క మాట వదిలేసి చూసి, "అన్నీ కలిసే ఉన్నాయన్నా" అని ఫోను చేస్తారు.

రెండో పరీక్ష కరెంటు ఉండగా చేసేది, ఎలక్ట్రీషియనే చేయాలి. మెషీన్లన్నీ విప్పి ఉండాలి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 40 వాట్ల పాత ఫిలమెంటు బల్బు పెడితే (ఎల్‌ఈడీ పనికిరాదు) దాదాపు 170 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, ఆర్‌సీసీబీ వెంటనే పడిపోవాలి. పడకుండా బల్బు నిలకడగా వెలిగితే అక్కడ లూపు ఉంది, లేదా ఆర్‌సీసీబీ బైపాస్‌లో ఉంది. ఆర్‌సీసీబీ పడకుండా, బల్బూ అసలు వెలగకపోతే ఎర్త్ లేదు. ఈ రెంటిలో ఏదైనా ఆ బోర్డు ఆరోజుకి మూసేయండి.

వెతికే వరస: సాకెట్ వెనక, ఎక్స్‌టెన్షన్ ప్లగ్గు లోపల, టేపు జాయింట్లు, ఆఖరికి పై అంతస్తు సబ్ డీబీ. సబ్ డీబీలో న్యూట్రల్, ఎర్త్ తీగలు ఒకే బార్‌కి బిగించేయడం మామూలే. లూపు తీసేస్తే సరిపోదు. తీసేశాక ఎర్త్ లేని సాకెట్ మిగులుతుంది. డీబీ నుంచి మూడు కోర్ల కేబుల్ లాగి పచ్చ తీగను ఎర్త్ బార్‌కి వేయండి, దారిలో జాయింట్లు లేకుండా. కేబుల్‌ని సెంట్రింగ్ పైపులకీ రాడ్లకీ బైండింగ్ వైరుతో కట్టొద్దు. బైపాస్ వైరు పీకేయండి.

రేకుల షెడ్డు ముట్టుకుంటే కొడుతోంది

రేకు అంచు వైరు తొడుగును కోసేసింది. మెయిన్ ఆపి, రేకు గుండా దూరిన ప్రతి వైరుకీ పీవీసీ పైపు తొడగండి. కూలీల పిల్లలు, వంటపాత్రలు ఉండే చోటు కాబట్టి రేపటికి వాయిదా వేయొద్దు.

మిగతావి

ఆర్‌సీసీబీయే పాడవడం జరుగుతుంది గానీ అరుదు, అనుమానముంటే బెంగళూరు ఎస్.పీ. రోడ్డు షాపుల్లో కొత్తది తెచ్చి మార్చండి. మరీ పొడుగు వైర్ల లీకేజీ, లిఫ్టు డ్రైవ్ లీకేజీ పెద్ద సైట్ల సమస్యలు, వాటికి మనిషి వేరే ఉంటాడు. బెస్కాం (బెంగళూరు విద్యుత్ సంస్థ) కరెంటు పోయి చిన్న జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రం పై బల్బు పరీక్షను నమ్మొద్దు. చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్ భూమికి కలిపి ఉండదు, ఎర్త్ బాగున్నా బల్బు వెలగదు, ఆర్‌సీసీబీ పడదు. కరెంటు వచ్చాక మళ్లీ చూడండి.