మూతబడిన సినిమా హాలును పేటవారి ఉమ్మడి చావడిగా మార్చే పద్ధతి

పాత హాలును బాగుచేయదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది యాజమాన్యం సంగతి. స్థలం ఒకరిది, హాలు వారసులందరిది, లీజు మరొకరిది అయిన చోట అందరి సంతకాలూ పడేవరకు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టరాదు. ఎంత పేరున్న హాలైనా నిలుస్తుందన్న హామీ లేదు; తెలుగు సినిమాకు ఆద్యుడైన రఘుపతి వెంకయ్య మద్రాసులో కట్టించిన గెయిటీ హాలే కూల్చివేతను తప్పించుకోలేకపోయింది.

తరువాత పైకప్పు. పట్టపగలు దీపాలన్నీ ఆర్పి, తలుపులు మూసి పైకి చూస్తే, రేకుల చిల్లులు నక్షత్రాల్లా కనబడతాయి. ఏ దూలం పక్కన ఎన్ని ఉన్నాయో కాగితం మీద గుర్తించి, వానాకాలానికి ముందే మరమ్మతు ముగించాలి. అవి ఆస్బెస్టాస్ రేకులైతే కోయకుండా, పగలగొట్టకుండా, నీటితో తడిపి, అనుభవజ్ఞులచేత దింపించాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరం.

సున్నపు గోడలకు సిమెంటు పూత పూయిస్తే చెమ్మ లోపలే నిలిచి పెచ్చులూడతాయి కనుక, మేస్త్రీ ఎంత వాదించినా గానుగ సున్నమే వాడాలి.

కుర్చీలన్నీ పీకివేయడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని టికెట్లు అమ్మిన హాలులో తెర ముందరి నేల తరగతిని మాత్రమే ఖాళీగా ఉంచితే, అక్కడ ఉదయం పిల్లల తరగతులు, సాయంత్రం హరికథలు, వార్డు సమావేశాలు జరుపుకోవచ్చు; వెనుక వాలులోని కుర్చీలు సినిమాకు అలాగే పనికివస్తాయి.

బయటి తలుపులు వెలుపలికే తెరుచుకోవాలి, జనం ఉన్నంతసేపూ వాటికి తాళం ఉండరాదు. 1997లో ఢిల్లీలోని ఉపహార్ హాలులో 59 మంది మరణించడానికి నిప్పుతోపాటు మూసుకుపోయిన దారులూ కారణమయ్యాయి. అగ్నిమాపక శాఖ అనుమతి, ప్రదర్శనకు లైసెన్సు, విద్యుత్ తనిఖీ పత్రం ప్రారంభోత్సవ తేదీ ప్రకటించకముందే చేతిలో ఉండాలి.

క్యాబిన్‌లో పాత ప్రొజెక్టర్ మిగిలి ఉంటే పాత ఇనుముకు అమ్మవద్దు. డిజిటల్ యంత్రాన్ని పక్కనే అమర్చుకోవచ్చు. గోడలో తెరవైపున్న రెండు కంతల్లో ఒకటి వెలుగు వెళ్లేందుకు, రెండోది ఆపరేటర్ తొంగిచూసేందుకు అని పిల్లలకు చూపించవచ్చు. టికెట్ పెట్టకపోయినా, ఎంత పాత సినిమా అయినా, హక్కులు అమలులో ఉంటే హక్కుదారు అనుమతిని లిఖితపూర్వకంగా తీసుకున్న తరువాతే ప్రదర్శించాలి.