సీసం తుక్కు కొన్నాక వచ్చే చిక్కులు: పాత్రలో కనిపించేదాన్ని బట్టి కారణం పట్టుకోవడం

అమెరికాలో రేంజికి (తుపాకీ కాల్చే మైదానానికి) వెళ్లి టార్గెట్ షూటింగ్ చేసేవాళ్లలో చాలామంది సీసం తుక్కు కొని, కరిగించి, బుల్లెట్లను ఇంట్లోనే పోత పోసుకుంటారు. అక్కడ స్థిరపడి ఈ సరదా పట్టుకున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పోత సరిగ్గా రాకపోతే అందరూ అచ్చునో పొయ్యినో అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు అంతకుముందే, తుక్కు కొన్నచోటే జరిగిపోయి ఉంటుంది.

మొదలుపెట్టే ముందు చట్టం సంగతి చూసుకోండి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటంలాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. చట్టం లెక్కలో విడి బుల్లెట్టు కూడా అమ్యునిషనే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. రాష్ట్ర చట్టాలు మాత్రం వేరుగా చూసుకోవాలి. ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వీటిని తయారుచేయడమే నేరం. కాబట్టి ఊళ్లో ఉన్న తమ్ముడికి ఇది నేర్పకండి.

కరిగిన సీసం మీద ఉడికిన రవ్వలా ముద్దలు తేలుతున్నాయి, అచ్చు మూలలు నిండటం లేదు

పాత్రలోకి జింకు చేరింది. ఇది దాదాపుగా టైరు షాపుల నుంచి తెచ్చిన వీల్ వెయిట్ల వల్లే వస్తుంది. చక్రాల అంచుకు బిగించే ఆ చిన్న బరువులు ఒకప్పుడు అన్నీ సీసమే. కాలిఫోర్నియా 2010లో, వాషింగ్టన్ రాష్ట్రం 2011లో సీసం బరువుల్ని ఆపేశాయి. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు బకెట్టు కొంటే అందులో సీసం, జింకు, ఇనుము మూడూ కలిసే ఉంటాయి.

సీసం 621 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర కరుగుతుంది, జింకు 787 దగ్గర. ఈ తేడానే మనకు రక్ష. పాత్రలో థర్మామీటరు పెట్టి వేడిని 700 దాటనివ్వకపోతే జింకు, ఇనుము ముక్కలు పైకి తేలతాయి, చిల్లుల గరిటెతో తీసేయొచ్చు. తొందరపడి మంట పెంచితే జింకు కూడా కరిగి కలిసిపోతుంది.

ఇంతకన్నా మంచిది పాత్రలో వేయకముందే ఏరుకోవడం. ఒక్కో బరువునూ సైడ్ కట్టరుతో నొక్కి చూడండి. సీసమైతే పళ్లు మెత్తగా దిగి వెండిలా మెరిసే గాటు పడుతుంది. జింకు అయితే కట్టరు జారి గీత మాత్రమే మిగులుతుంది. సిమెంటు నేల మీద పడేస్తే సీసం ‘దబ్’ మంటుంది, జింకు ‘ఖంగు’ మంటుంది. కొన్నిటి మీద జెడ్-ఎన్ (జింకు) అనో ఎఫ్-ఈ (ఇనుము) అనో అక్షరాలు పోత పోసి ఉంటాయి. అప్పటికీ అనుమానం తీరకపోతే బయట గాలిలో, చేతికి తొడుగు, కంటికి అద్దాలు పెట్టుకుని ఒక చుక్క మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) ఆసిడ్ వేయండి. జింకు వెంటనే బుసబుస పొంగుతుంది.

అప్పటికే కలిసిపోయి ఉంటే దాన్ని శుద్ధి చేయబోయి మంచి సీసాన్ని కూడా పాడుచేసుకోకండి. విడిగా కడ్డీలు పోసి, పైన గుర్తు పెట్టి, జింకు కలిసిందని చెప్పి స్క్రాప్ యార్డుకు ఇచ్చేయండి.

సీసం ఒక్కసారిగా ఎగిసి చిమ్మింది

తడి. బయట వానలో నానిన పైపు ముక్క, రేంజి మట్టిలోంచి ఏరి తెచ్చిన కాల్చిన బుల్లెట్లు (రేంజి సీసం), లోపల నీళ్లు దాచుకున్న బోలు వస్తువు, ఏదైనా కావచ్చు. కరిగిన సీసం కిందకు చేరిన నీటి బొట్టు క్షణంలో ఆవిరై పైనున్న లోహాన్నంతా ఎగజిమ్ముతుంది. కొత్త తుక్కును ఎప్పుడూ చల్లటి పాత్రలో వేసి, చల్లటి స్థితి నుంచే మంట పెట్టండి. కరిగిన సీసంలోకి తుక్కు వేయొద్దు. ఈ నియమానికి మినహాయింపు లేదు. రేంజి సీసమైతే ముందు పరిచి పేలని తూటాలేమైనా ఉన్నాయేమో ఏరాలి. రాగి తొడుగు పూర్తిగా మూసుకున్న బుల్లెట్లను చిదిమి గానీ కోసి గానీ వేయాలి. ముఖానికి షీల్డు, పొడుగు చేతుల నూలు చొక్కా, తోలు బూట్లు లేకుండా పొయ్యి దగ్గరకు రాకండి.

బకెట్టు బరువుకు, చేతికొచ్చిన కడ్డీల బరువుకు పొంతన లేదు

ఇనుప క్లిప్పులు, జిగురు టేపు, మట్టి, సిగరెట్ పీకలు, జింకు, ఇవన్నీ మీరు సీసం ధరకే కొన్నారు. బకెట్టు కొనేటప్పుడు పైపైన చూడకుండా అడుగు నుంచి ఒక దోసెడు తీసి చూడండి. దాన్నిబట్టి బేరం ఆడండి. శుభ్రమైన కడ్డీల ధరకు, మురికి తుక్కు ధరకు తేడా ఉండాల్సిందే. రేంజి సీసంలో మాత్రం నష్టపోయినట్టు అనిపించేదాంట్లో కొంత తిరిగి వస్తుంది. కరిగాక పైన మిగిలే రాగి తొడుగుల్ని పారేయకండి, యార్డువాళ్లు వాటిని కొంటారు.

కడ్డీ మరీ మెత్తగా ఉంది, లేదా మరీ గట్టిగా ఉంది

ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే జవాబు తెలుస్తుంది. లోహాల గట్టిదనం చెప్పే బ్రినెల్ కొలతలో శుద్ధ సీసం 5 దగ్గర ఉంటుంది. పైకప్పు రేకులు, పాత ప్లంబింగ్ పైపులు, ఎక్స్‌రే గది గోడల పలకలు, అంటించే రకం వీల్ వెయిట్లు ఈ మెత్తని వర్గం. క్లిప్పు రకం వీల్ వెయిట్లలో సీసాన్ని గట్టిపరిచే ఆంటిమొనీ అనే లోహం సుమారు 3 శాతం ఉంటుంది, గట్టిదనం 11, 12 దాకా వస్తుంది. పాత ముద్రణ యంత్రాల లైనోటైపు లోహంలో 84 శాతం సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. అది 22 దగ్గర ఉంటుంది. మన ఊళ్ల ప్రెస్సుల్లో చేత్తో కూర్చిన సీసపు అక్షరాలూ ఈ కుటుంబానివే. ఆఫ్‌సెట్ వచ్చాక ప్రెస్సులు దాన్ని వదిలేశాయి, అందుకే దానికి ఇప్పుడు అంత గిరాకీ.

మెత్తని సీసం దొరికిందని బాధపడక్కర్లేదు. బ్లాక్ పౌడర్ అనే నల్లటి తుపాకీమందుతో కాల్చేవాళ్లకు కావలసింది అదే. వాళ్లకిచ్చి వీల్ వెయిట్ల కడ్డీలు మార్చుకోవచ్చు. నా దృష్టిలో ఇలాంటి మారకమే ఇద్దరికీ లాభం. గట్టిపరచుకోవాలనుకుంటే 20 పాళ్ల సీసానికి 1 పాలు తగరం కలిపితే గట్టిదనం 10 దగ్గరకు వస్తుంది. తగరం కోసం పాత సామాన్ల దుకాణాల్లో ప్యూటర్ (ఎక్కువగా తగరమే ఉండే మిశ్రమలోహం) గిన్నెలు, కప్పులు వెతుకుతారు. అడుగున ‘ప్యూటర్’ అని ముద్ర ఉన్నవే కొనండి.

లైనోటైపు అని చెప్పి అమ్మే బోసి కడ్డీని నమ్మకండి. అక్షరాల వరసలు అలాగే ఉన్న ముక్కలైతే సరే. కరిగించి పోసిన కడ్డీ అయితే గట్టిదనం కొలిచాకే డబ్బు ఇవ్వండి.

పైన బూడిదరంగు తెట్టు తీసేకొద్దీ వస్తోంది

అదంతా మురికి కాదు. అందులో ఆక్సైడుగా మారిన తగరం కూడా ఉంది, తీసి పారేస్తే ఖరీదైన లోహమే పోతుంది. కొద్దిగా మైనం గానీ ఎండిన రంపపుపొట్టు గానీ వేసి అడుగు నుంచి బాగా కలపండి. తగరం మళ్లీ సీసంలో కలుస్తుంది, నల్లటి పొడి మాత్రం పైన మిగులుతుంది. మైనం మంటగా లేస్తుంది కాబట్టి చేయి దూరంగా ఉంచండి.

కారు బ్యాటరీలు చవగ్గా వస్తున్నాయి

వద్దు. ఆమ్లం ఒక్కటే కాదు సమస్య. వాటి పలకల్లో కాల్షియం, ఆంటిమొనీ, ఆర్సెనిక్ ఉండొచ్చు. వాటిని కరిగించాక మిగిలే తెట్టుకు తేమ తగిలితే ఆర్సైన్, స్టిబైన్ అనే ప్రాణాంతక వాయువులు పుట్టొచ్చు. బ్యాటరీని విప్పకుండా దుకాణంలో తిరిగిచ్చి డిపాజిట్ తీసుకోవడమే దాని విలువ.

అమ్మిన కడ్డీల మీద ఫిర్యాదు వచ్చింది

ఒక్కో కరుగుకు ఒక గుర్తు పెట్టండి. ఏ తుక్కు నుంచి పోశారో, కొలిచిన గట్టిదనం ఎంతో రాసివ్వండి. తెలియకపోతే ‘రకం తెలియని మిశ్రమం’ అనే అమ్మండి. పోస్టాఫీసు ఫ్లాట్ రేట్ పెట్టెలో 70 పౌండ్ల దాకా పంపవచ్చు, కానీ కదిలే కడ్డీ అట్టను చించుకుని బయటపడుతుంది. ఖాళీ లేకుండా బిగించి, అన్ని అంచులకూ టేపు చుట్టండి. కడ్డీలు అమ్మడం వేరు, పోసిన బుల్లెట్లను వ్యాపారంగా అమ్మడం వేరు. రెండోదానికి ఫెడరల్ లైసెన్సు కావాలి.

పిల్లల రక్తపరీక్షలో సీసం కనిపించింది

పని ఆపేయండి, డాక్టరును కలవండి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి పిల్లలకు డెసిలీటరు రక్తానికి 3.5 మైక్రోగ్రాముల సీసాన్ని గీతగా పెట్టుకుంది, అయినా పిల్లలకు హాని చేయని మోతాదంటూ ఏదీ తేలలేదు. సీసం కరిగించే వేడిలో పొగకన్నా ధూళే ఎక్కువగా ఇంట్లోకి చేరుతుంది. తెట్టు పొడి, తుక్కు ఏరిన చేతులు, ఆ బూట్లు, ఆ చొక్కా. చీపురు, మామూలు వాక్యూమ్ వాడకుండా తడిగుడ్డతో తుడవండి. బట్టలు విడిగా ఉతకండి. వంటింటి గిన్నె ఒక్కసారి సీసానికి వాడితే మళ్లీ వంటింట్లోకి రాకూడదు. తెట్టును మూతపెట్టిన ఇనుప డబ్బాలో ఉంచి, కౌంటీ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజున అప్పగించండి. పెద్దవాళ్లు కూడా ఏడాదికోసారి సీసం పరీక్ష చేయించుకోవాలి. మామూలు రక్తపరీక్షల్లో అది ఉండదు, ప్రత్యేకంగా అడిగి రాయించుకోవాలి.