అజ్ఞాతమా, అజ్ఞేయమా?

చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్‌లో ప్రూఫులు చూస్తాను. పోయిన నెల ఒక గుడి కరపత్రం వచ్చింది. అందులో ‘అజ్ఞేయ దాత విరాళం 1,116 రూపాయలు’ అని ఉంది. ఎర్ర పెన్నుతో ‘అజ్ఞాత’ అని దిద్దాను. టైపు చేసిన అమ్మాయి, ‘రెండూ ఒకటే కదక్కా?’ అంది.

ఒకటి కాదు. రెండూ ‘జ్ఞా’ ధాతువు నుంచే వచ్చాయి, తెలుసుకోవడం అని దానర్థం. జ్ఞాతం తెలిసినది, జ్ఞేయం తెలుసుకోదగినది. ముందు ‘అ’ చేరితే అజ్ఞాతం తెలియనిది, అజ్ఞేయం తెలుసుకోవడానికే వీల్లేనిది. ఆ దాత పేరు రసీదు రాసిన గుమాస్తాకి తెలుసు. మరి ఆయన అజ్ఞేయుడు ఎలా అవుతాడు? పాండవులు విరాటుడి కొలువులో గడిపింది కూడా అజ్ఞాతవాసమే. బయటపడే ప్రమాదం ఉంది కాబట్టే అన్ని వేషాలు వేశారు.

రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నాకు కాకపోయినా ఇంకొకరికి, ఇవాళ కాకపోయినా ఎప్పటికైనా తెలిసే వీలుందా? ఉంటే అజ్ఞాతం అనే రాయండి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద ముంచెత్తినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెప్తారు. వాళ్ల పేర్లు మనకు అజ్ఞాతం. ఎవరింట్లోనైనా పాత ఉత్తరం దొరికితే ఒక పేరైనా బయటికి రావచ్చు. కానీ ఆ వరదలో కొట్టుకుపోయిన మనిషి ఆఖరి క్షణంలో ఎవర్ని తలుచుకున్నాడు? అది అజ్ఞేయం. ఈ మాటను ఇలాంటి చోటికే దాచుకోవాలని నా కోరిక.

దేవుడి సంగతి వచ్చినప్పుడు ‘అజ్ఞేయవాది’ అంటాం. 1869లో ఇంగ్లండు జీవశాస్త్రవేత్త హక్స్‌లీ పుట్టించిన ‘అగ్నాస్టిక్’ అనే మాటకి ఇది తెలుగు. దేవుడు లేడనేవాడు నాస్తికుడు. ఉన్నాడో లేడో తెలుసుకోలేం అనేవాడు అజ్ఞేయవాది. ఒకరిని ఇంకొకరుగా రాస్తే, ఆ మనిషి అనని మాట అతని నోట్లో పెట్టినట్టే.

టైపు చేసేటప్పుడు జ కింద ఞ వత్తు ఇవ్వండి. చెవికి ‘గ్నే’లా వినబడుతుందని ‘ఆగ్నేయం’ అని కొడితే, అది వంటగది పెట్టే దిక్కు.

మాటల్లో మాత్రం ఈ పదం వద్దు. బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే ‘ఏమో, ఎవరికెరుక’ అంటే చాలు. పిల్లలకు అజ్ఞేయం అర్థం చెప్పాలంటే ‘ఎరుకకు అందనిది’ అనండి. ఇంతకన్నా దగ్గరి తెలుగు మాట నాకింకా దొరకలేదు.