చెరువుల దారిలో ట్రైలరు లాగాలంటే: ఎస్‌యూవీకి హిచ్ ఎంపిక, బిగింపు

బండి వెనక ట్రైలరు తగిలించడానికి బిగించే ఇనుప అమరికే హిచ్. ఏ హిచ్ కొనాలో షాపులో తేలదు, వేబ్రిడ్జి మీద తేలుతుంది. ట్రైలరు నిండా సరుకు వేసి తూకం వేయించండి. 25 కిలోల మేత బస్తాలు 20 వేస్తే 500 కిలోలు. ఖాళీ ట్రైలరు 200 ఉంటే మొత్తం 700. పైన ఏరియేటరు (చెరువు నీళ్ళకి గాలి అందించే యంత్రం) ఒకటి పడేశారంటే 750 దాటే ప్రమాదం ఉంది. బ్రేకుల్లేని ట్రైలరుకి చాలా బళ్ళ హ్యాండ్‌బుక్కులు 750 కిలోల దగ్గరే ఆగిపోతాయి. కొన్ని ఇంకా తక్కువ చెబుతాయి, కొన్నయితే లాగొద్దనే రాస్తాయి. హ్యాండ్‌బుక్కులో, హిచ్ ప్లేటు (బరువు హద్దు రాసిన రేకు) మీద, బాలు (హిచ్ చివరి ఇనుప గుండు) మీద, కప్లరు (ఆ గుండు మీద కూర్చునే ట్రైలరు ముక్కు) మీద నాలుగు అంకెలుంటాయి. వాటిలో తక్కువదే మీ హద్దు. ఇంజను ఎంత బలమైనదైనా ఆ అంకె మారదు.

ప్లేటు లేని హిచ్ చవగ్గా వస్తుంది కానీ కొనకండి. దాని బలం ఎంతో తయారుచేసినవాడికీ తెలియదు. బొలెరో, స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటివి విడి ఛాసీ ఉన్న బళ్ళు కాబట్టి హిచ్ నేరుగా రెండు ఛాసీ కడ్డీలకి బిగుస్తుంది. క్రెటా, ఎక్స్‌యూవీ 700 లాంటి వాటికి విడి ఛాసీ ఉండదు. వాటికి ఆ మోడలు కోసమే చేసిన హిచ్ తప్ప మరోటి పనికిరాదు. బంపరుకి తగిలించడం, కూరుకుపోయిన బండిని లాగే కొక్కేనికి ట్రైలరు కట్టడం రెండూ వద్దు.

బాలు కొలత దగ్గర మోసపోయేవాళ్ళు ఎక్కువ. 50 మిల్లీమీటర్ల బాలూ, 2 అంగుళాల బాలూ చూపుకి ఒకటే. 2 అంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. 50 కోసం చేసిన కప్లరు దాని మీద పూర్తిగా కూర్చోకపోవచ్చు, కూర్చోకుండానే లాక్ పడినట్టు కనిపించొచ్చు. కప్లరు మీద చెక్కిన కొలత చదివి బాలు కొనండి.

ఇప్పుడు ముక్కు బరువు. ట్రైలరు బరువులో పదో వంతు బాలు మీద పడాలి. 700 కిలోలకి 70 అన్నమాట. రొయ్యలు తూచే ఎలక్ట్రానిక్ కాటా దీనికి బాగా సరిపోతుంది. చదునైన నేల మీద కాటా పెట్టి, దాని మీద ఒక దుంగ నిలబెట్టి, బాలు ఉండే ఎత్తులోనే కప్లరు దాని మీద ఆనేలా చూడండి. దుంగ బరువు తీసేస్తే వచ్చేదే ముక్కు బరువు. తక్కువొస్తే బస్తాలు ఇరుసుకి ముందు వైపు జరపండి, ఎక్కువొస్తే వెనక్కి. ఈ 70 కిలోలు బండి వెనక ఇరుసు మీదే పడతాయి కాబట్టి డిక్కీలో వేసే డీజిల్ క్యాన్లు కూడా లెక్కలోకి వస్తాయి. హిచ్ ప్లేటు మీద ముక్కు బరువు హద్దు విడిగా ఉంటుంది, అదీ చూసుకోండి.

కొనేముందే ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళిరండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. ట్రైలరు రిజిస్ట్రేషన్, బీమా సంగతి కూడా అక్కడే తేల్చుకోండి.

బిగించే రోజు బండిని చదును నేల మీద ఆపి, చక్రాలకి అడ్డాలు పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. స్టెప్నీ కింద ఉండే బండైతే దాన్ని దించండి. ఛాసీ కడ్డీల మీద మట్టి, తుప్పు వైరు బ్రష్‌తో గీకండి. రంగు పొరల మీద బిగిస్తే అవి నలిగాక బోల్టు వదులవుతుంది. హిచ్‌ని జాకీతో పైకెత్తి, అన్ని బోల్టులూ ముందు చేత్తోనే ఎక్కించండి. ఒకవైపు పూర్తిగా బిగించేస్తే రెండోవైపు కన్నాలు కలవవు. రంధ్రం చేయాల్సి వస్తే అంచుకి పచ్చి లోహం కనపడనీయకుండా జింకు ప్రైమరు పూయండి. బోల్టు తల మీద 8.8 అని (బోల్టు బలం చెప్పే గుర్తు) ఉండాలి. టార్కు (ఎంత బలంగా బిగించాలనే కొలత) హిచ్‌తో వచ్చిన కాగితం చూసి వేయండి. ఎం12 సైజు 8.8 బోల్టుకి మామూలుగా 80 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అయ్యాక స్టెప్నీ ఎక్కుతుందో దిగుతుందో, బొలెరో అయితే వెనక తలుపు బాలుకి తగలకుండా తెరుచుకుంటుందో చూడండి.

వెల్డింగ్ షాపు పక్కనే ఉంది కదా అని ఛాసీకి అతికించేయకండి. వెల్డు పక్కన వేడి తగిలిన ఇనుము గుణం మారి, గతుకుల్లో అక్కడే పగులు మొదలవుతుంది. పైగా మొగల్తూరు, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఆ అతుకుని తుప్పు లోపలినుంచి తింటుంది, పైకి కనపడదు.

వైరింగ్‌లో డెల్టా తేమ ఎక్కువగా దెబ్బతీస్తుంది. 7 పిన్నుల సాకెట్లో పసుపు ఎడమ ఇండికేటరు, ఆకుపచ్చ కుడి ఇండికేటరు, ఎరుపు బ్రేకు, గోధుమ కుడి టెయిల్, నలుపు ఎడమ టెయిల్, తెలుపు ఎర్తు. నీలం వెనక ఫాగ్ లైటుది. కొత్త బళ్ళలో టెయిల్ లైటు వైరుకి జోడు కొడితే కంప్యూటరు లోపం చూపిస్తుంది, ఇండికేటరు టపటపా కొట్టుకుంటుంది. ట్రైలరు లైట్లకి బండి వైర్ల మీద భారం పడకుండా విడిగా కరెంటు పంపే ట్రైలరు రిలే మాడ్యూల్ పెట్టి, బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో విడిగా కరెంటు ఇవ్వండి. ఎర్తుని బాలు మీదుగా వదిలేయొద్దు, తెల్లవైరు ఛాసీ దాకా లాగాలి. బ్రేకు నొక్కితే ట్రైలరు లైట్లన్నీ మసకగా వెలిగాయంటే ఎర్తు పోయిందని అర్థం. జాయింట్లకి సోల్డరు వేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగండి. టేపు చుట్టి వదిలేస్తే లోపల పచ్చగా చిలుము పడుతుంది.

బాలు ఎత్తు ఎంచేటప్పుడు సరుకుతో ఉన్న ట్రైలరు నేలకి సమంగా నిలబడాలి. ముక్కు పైకి లేస్తే తోక ఊగుతుంది. కప్లరు లాక్ పడ్డాక ట్రైలరు ముక్కు దగ్గరుండే జాకీ చక్రంతో కాస్త పైకి ఎత్తండి, బండి వెనక భాగం కూడా లేస్తే సరిగ్గా కూర్చుంది. ట్రైలరుని బండికి కలిపే రక్షణ చైన్లు కప్లరు కింద అడ్డంగా, కత్తెర ఆకారంలో వేయాలి. కప్లరు ఊడినా నేలని పొడవకుండా ఆ ఉయ్యాల్లో పడుతుంది. మలుపుకి సరిపడా వదులు ఉంచండి, నేలకి రాసుకునేంత వద్దు.

కాలువ గట్టు మీద ట్రైలరు ఊగడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కొద్దు, స్టీరింగుతో సరిచేయబోవద్దు. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకోండి. ఆగాక సరుకు ముందుకి జరిపి మళ్ళీ బయల్దేరండి. చించినాడ వంతెన లాంటి వాటి వాలుల్లో దిగేముందే గేరు తగ్గించుకోండి, వేగం పుంజుకున్నాక తగ్గించడం కష్టం. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్ళీ టార్కు రెంచితో చూడండి. ఉప్పునీటి చెరువు గట్టు నుంచి వచ్చిన రోజు బాలు, చైన్లు, సాకెట్ మూత మంచినీళ్ళతో కడిగి, బాలుకి గ్రీజు రాయండి.